ఒక జిరాక్స్ కూడా జతపరచగలరు

ఒక లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. దాన్ని బండిలో పోసి కాలిస్తే రెండు కిలోల మూడు వందల గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఈ లెక్క మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. ముప్పావు కిలో సరుకులోంచి మూడింతల బరువు ఎక్కణ్నుంచి పుట్టిందని అడుగుతారు. గాలిలోంచే పుట్టింది. పెట్రోలులోని కార్బన్ కాలేటప్పుడు తన బరువుకు రెండున్నర రెట్లు మించి ఆక్సిజన్‌ను కూడగట్టుకుని పొగగొట్టం దాటుతుంది. కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. హైదరాబాదులో మా మూసారాంబాగ్ చౌరస్తాలో సిగ్నల్ పడినప్పుడు మనం దగ్గేదీ, కళ్లు నులుముకునేదీ దానివల్ల కాదు, దానితో పాటు వచ్చే మసి వల్ల. అసలు సరుకు చడీచప్పుడు లేకుండా పైకి పోయి తరాల తరబడి అక్కడే ఉంటుంది.

కరెంటుకూ ఇలాంటి లెక్కే ఒకటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వేసిన అంచనా ప్రకారం 2023-24లో మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ పుట్టించడానికి సగటున 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. ఈ రెండు అంకెలు జేబులో పెట్టుకుని తిరిగితే చాలు, లోకం కొంచెం వేరేగా కనబడుతుంది. చేతిలో ఫోను, రోడ్డు మీద స్కూటరు, గల్లీ చివర మీసేవ కేంద్రం అన్నీ ఒకే తక్కెడలోకి వస్తాయి.

ఉదాహరణకు మా పక్కనే ఉన్న సరూర్‌నగర్ వాళ్లను తీసుకోండి. వాళ్లది రంగారెడ్డి జిల్లా. వాళ్ల కలెక్టరేటు ఒకప్పుడు లక్డీకాపూల్‌లో ఉండేది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం వైపు కొంగరకలాన్‌లో కట్టిన కొత్త భవనంలోకి మారింది. ఒక కాగితం కోసం అక్కడికి స్కూటరు మీద వెళ్లి రావాలంటే నలభై కిలోమీటర్లకు తక్కువ కాదు. అంటే దాదాపు రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే పని ఫోనులో అయిపోతే? ఫోను ఒకసారి నిండా చార్జి కావడానికి యూనిట్‌లో నలభయ్యో వంతు కరెంటు చాలు. ఒక్క కొంగరకలాన్ ప్రయాణం మానుకుంటే మూడు నెలల పైన రోజూ ఫోను చార్జి చేసుకున్నంత. ఇంత తేలికైన లెక్క ముందు పెట్టుకుని డిజిటల్ పాలన పర్యావరణానికి మేలా కీడా అని అడగడమే వింతగా ఉంటుంది. నేనూ చాలాకాలం అడగలేదు.

క్యూలు చూసిన తరం మాది. కరెంటు బిల్లుకు ఒక వరస, నల్లా బిల్లుకు ఇంకో వరస, టెలిఫోను బిల్లుకు మరో చోట మరో వరస. ఇంటికొకరు సగం పూట సెలవు పెట్టి ఈ పని చూసుకునేవాళ్లు. చిల్లర లేదని వెనక్కి పంపితే పక్క హోటల్లో అక్కర్లేని చాయ్ తాగి చిల్లర తెచ్చుకునేవాళ్లం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పేరిట కంప్యూటర్లు వచ్చాయి. ఆ ఏడాదే నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 1999 చివర్లో జంట నగరాల్లో ట్విన్స్ అనే ప్రయోగం మొదలై, 2001 ఆగస్టులో ఈసేవగా విస్తరించింది. అన్ని బిల్లులూ ఒకే గది, ఒకే కిటికీ. పైగా ఏసీ. కొందరు పెద్దమనుషులు ఎండాకాలంలో బిల్లు కట్టాక కూడా కాసేపు అక్కడే కూర్చునేవాళ్లు. నన్నడిగితే ప్రజలకు ప్రభుత్వం మీద గౌరవం కలిగిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

ఆ రోజుల్లో కార్బన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. క్యోటో ఒప్పందం 1997లోనే వచ్చినా, ఈసేవ ప్రకటనల్లో కనిపించిన మాటలు పారదర్శకత, వేగం, లంచం లేకపోవడం. పొగ తగ్గడం అడక్కుండా దొరికిన కొసరు. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. తహసీల్దారు సంతకం కంప్యూటర్లో పడింది. ఆదాయం, కులం, నివాసం, పుట్టుక, చావు అన్నిటికీ డిజిటల్ సంతకం. 2016లో రవాణా శాఖ ఎం-వాలెట్ తెచ్చి లైసెన్సును, ఆర్సీని ఫోన్లోకి ఎక్కించింది. ఈ ప్రయత్నాలన్నిటికీ ప్రభుత్వం డబ్బు పెట్టింది, మనుషుల్ని పెట్టింది, పట్టుదల పెట్టింది. మెచ్చుకోవలసిందే.

అయితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా మెయిన్ రోడ్డు వెంట నడిస్తే ఒక ప్రశ్న కాళ్లకు అడ్డం పడుతుంది. పాలన అంతా కాగితం లేకుండా నడుస్తుంటే ఇన్ని జిరాక్స్ షాపులు దేన్ని పట్టుకుని బతుకుతున్నాయి? కోచింగ్ సెంటర్ల నోట్సు కొంత, నిజమే. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిన వారం ఇక్కడి మిషన్లకు నిద్ర ఉండదు. కానీ కోచింగ్ లేని గల్లీల్లో కూడా జిరాక్స్ మిషన్ ఉంది, దాని ముందు మనుషులున్నారు. మీసేవ కేంద్రం ఉన్నచోట పక్క షట్టరు దాదాపు ఎప్పుడూ జిరాక్సుదే. కొన్నిచోట్ల రెండూ ఒకే కుటుంబానివి.

ఒక ఆదాయ ధ్రువపత్రం ప్రయాణం చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చదివే పిల్లవాడికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలి. ముందు కాగితం మీద అర్జీ రాయాలి, దానికి ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు జోడించాలి. మీసేవలో దాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తారు. తహసీల్దారు కార్యాలయంలో కంప్యూటర్ మీదే ఆమోదం పడుతుంది. ఇక్కడితో ఆ పత్రం పూర్తిగా డిజిటల్. సర్వర్లో ఉంది, సంతకం ఉంది, నంబరుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. కానీ పిల్లవాడు మీసేవకు మళ్లీ వెళ్లి, హోలోగ్రామ్ ఉన్న ప్రత్యేక కాగితం మీద ప్రింటు తీసుకుంటాడు. దాన్ని జిరాక్సు తీస్తాడు. స్కాలర్‌షిప్పుల ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, అదే పత్రాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తాడు. ఎక్కించిన దరఖాస్తును ప్రింటు తీసి, అన్ని జిరాక్సులూ జోడించి కాలేజీలో ఇస్తాడు. తర్వాత వేలిముద్ర వేయడానికి మళ్లీ మీసేవకు. ఒక ప్రభుత్వ శాఖ తన దగ్గరున్న సమాచారాన్ని ఇంకో ప్రభుత్వ శాఖకు చేరవేయడానికి ఒక విద్యార్థి కాళ్లను, ఒక మిషన్ టోనరును, అరడజను తెల్ల కాగితాలను వాడుకుంది. మరుసటి ఏడు మళ్లీ మొదలు, ఎందుకంటే ఆదాయ పత్రానికి ఏడాదే ఆయువు.

కొత్త కోడలు వచ్చినా అత్తగారు పొయ్యి దగ్గర నుంచి లేవని ఇంట్లో, ఖర్చు రెండు వంటలదీ అవుతుంది. మన డిజిటల్ పాలన చాలాచోట్ల ఆ ఇల్లే.

మొన్నొక కార్యాలయంలో, పేరెందుకులెండి, కిటికీ దగ్గరి అమ్మాయికి ఫోన్లో పత్రం చూపించాను.

"ఇది మీ సిస్టంలోనే ఉందమ్మా, నంబరు కొట్టి చూడండి" అన్నాను.

"కనబడుతుంది సార్, ఉంది" అంది.

"మరి?"

"ఒక జిరాక్స్ కూడా పెట్టండి సార్. ఫైల్లకు కావాలె. రేపు ఆడిట్ల అడిగితే నేనేం చూపియ్యాలె?"

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేను. ఆమెకు కంప్యూటరిచ్చిన జీవో ఉంది. ఫైలు మానేయవచ్చని చెప్పిన జీవో లేదు. కింది ఉద్యోగి ఎప్పుడూ రాతపూర్వకంగా ఉన్నదాన్నే నమ్ముతుంది, నమ్మాలి కూడా. జిరాక్స్ షాపతను నా కాగితం మిషన్ మీద బోర్లించి, "ఆన్‌లైన్ అయినంక మాకు గిరాకీ పెరిగింది సార్" అన్నాడు. అతని మాటల్లో వెటకారం లేదు, నిజంగానే సంతోషం.

ఈ రెండు వంటల ఇల్లు పెద్ద ఎత్తున కనబడింది 2023 డిసెంబరు ఆఖరులో. కొత్త ప్రభుత్వం హామీ ఇచ్చిన ఆరు గ్యారంటీల కోసం ప్రజాపాలన దరఖాస్తులు డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు తీసుకున్నారు. రాష్ట్రమంతటా కోటికి పైగా దరఖాస్తులు, అన్నీ కాగితం మీద, ప్రతిదానికీ ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు. తర్వాత వాటిని కూర్చుని కంప్యూటర్లలోకి ఎక్కించారు. అంటే ఆధార్ సర్వర్లో ఉన్న పేరును, చిరునామాను మనుషులు చేత్తో రాసి ఇస్తే, ఇంకొకరు చూసి మళ్లీ టైపు కొట్టారు. ఆ రోజుల్లోనే బాలానగర్ ఫ్లైఓవర్ మీద బైకు మీంచి దరఖాస్తులు జారి రోడ్డు మీద పడ్డాయని పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. అవి మా తూర్పు కొస హయత్‌నగర్ వాళ్ల దరఖాస్తులు, డేటా ఎంట్రీ కోసం ఊరి ఆ చివరికి ప్రయాణమయ్యాయి. చిరునామాలతో సహా గాలికి ఎగిరిన ఆ కాగితాల గురించి అందరూ గోప్యత సంగతే మాట్లాడారు, న్యాయమే. నాకు తట్టింది మాత్రం వేరు. డిజిటల్ కావడానికి ఆ కాగితాలు కూడా పెట్రోలు తాగుతూనే పోయాయి.

కాగితం సంగతి చిన్నది, చెట్లు మళ్లీ పెరుగుతాయి అనే వాళ్లున్నారు. ఒప్పుకుంటాను. కాగితం కన్నా ప్రయాణమే పెద్దది. అక్కడ కూడా కథ సూటిగా లేదు. 2025 ఫిబ్రవరిలో కొత్త రేషన్ కార్డులకు మీసేవలో దరఖాస్తులు మొదలైనప్పుడు నగరంలో కేంద్రాల ముందు పొద్దున్నే జనం బారులు తీరారు. అంతకు ముందు 2023 చివర్లో గ్యాస్ ఈకేవైసీ అని ఏజెన్సీల ముందు, రేషన్ ఈకేవైసీ అని చౌక దుకాణాల ముందు. వేలిముద్ర మనిషితో పాటే రావాలి గనుక రేషన్‌కైతే ఇంటిల్లిపాదీ రావాలి. ఇంతకు ముందు ఇంటి పెద్ద ఒక్కడు వెళ్తే అయ్యే పనికి ఆటో మాట్లాడుకుని అయిదుగురు వెళ్లారు. వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలమ్మలు రెండోసారి వచ్చారు.

యూపీఐ దీనికి పూర్తిగా వేరే కథ. 2016 ఏప్రిల్‌లో వచ్చింది, ఆ నవంబరులో నోట్ల రద్దు దాన్ని వీధిలోకి తోసింది. 2024-25లో 18 వేల కోట్లకు పైగా లావాదేవీలు, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2 వేల కోట్లు దాటాయి. చిన్న వర్తకుల దగ్గర జరిగే చిల్లర చెల్లింపులకు బ్యాంకులకు ప్రోత్సాహకంగా కేంద్రం 2024-25కి 1,500 కోట్ల రూపాయలు కేటాయించింది. ప్రభుత్వం ఇచ్చిన ఊతం ఇంత సూటిగా పనిచేసిన సందర్భం నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు. ఏటీఎంకు పోవడం తప్పింది, దానికి నోట్లు మోసే వ్యాను తిరుగుడు తగ్గింది. ఇక్కడ పాత పని నిజంగానే చాలావరకు ఆగింది, అదే తేడా. మూసారాంబాగ్‌లో కొత్తిమీర కట్ట కొన్నా సౌండ్ బాక్సు తెలుగులో అంకె చదువుతుంది. చిల్లర లేదని చాయ్ తాగే రోజులు పోయాయి.

కానీ అదే యూపీఐ లేకపోతే పది నిమిషాల్లో పెరుగు ప్యాకెట్టు తెచ్చే యాప్ లేదు. వెనకటికి మా ఇళ్లలో నెలకొకసారి మలక్‌పేట గంజ్‌కు వెళ్లి సరుకులు తెచ్చుకునేవాళ్లం, మధ్యలో ఏదైనా నిండుకుంటే గల్లీ చివరి కిరాణా కొట్టుకు నడిచేవాళ్లం. ఇప్పుడు నిమ్మకాయలకొక బండి, పిల్లల పెన్సిలుకొక బండి. మా అపార్టుమెంటు గేటు దగ్గర సాయంత్రం నిలబడితే మానుకున్న ప్రయాణాలన్నీ ఇంకొకరి బండి ఎక్కి తిరిగి వస్తున్నట్టు కనిపిస్తుంది. 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బొగ్గు గురించి ఈ మాట చెప్పాడు: యంత్రం పొదుపుగా మారిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే చవకైనదాన్ని మనుషులు ఎక్కువగా వాడతారు. అతను చూసింది ఆవిరి యంత్రాన్ని. మనకు దొరికింది చవకైన డేటా.

బొగ్గు మాట వచ్చింది గనుక పొగ ఎక్కడికి పోయిందో చూడాలి. హైదరాబాదు నడిబొడ్డున, ఇప్పుడు ప్రసాద్స్ ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలపు థర్మల్ కేంద్రం ఉండేది. కరెంటూ పొగా ఒక్క ఊళ్లోనే పుట్టేవి, ఎవరు వాడుకుంటే వాళ్లే పీల్చేవాళ్లు. ఆ కేంద్రం మూతపడి, కూల్చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మన కరెంటు రామగుండం నుంచి, కొత్తగూడెం నుంచి, మణుగూరు దగ్గరి భద్రాద్రి నుంచి, జైపూర్‌లోని సింగరేణి కేంద్రం నుంచి వస్తుంది. తాజాగా నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం. 2015లో శంకుస్థాపన జరిగింది, 2024 డిసెంబరులో మొదటి 800 మెగావాట్ల యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. మలక్‌పేటలో నల్గొండ చౌరస్తా అని ఒక కూడలి ఉంది. అక్కణ్నుంచి తిన్నగా పోతే ఆ కేంద్రపు బూడిద చెరువు దాకా పోవచ్చునన్న సంగతి ఫోను చార్జింగ్‌కు పెట్టేటప్పుడు ఎవరికీ తోచదు. పొగ తగ్గిందా, ఊరు మారిందా అన్నది దామరచర్ల వాళ్లను అడగవలసిన ప్రశ్న.

ఫోను చార్జింగ్ అసలు లెక్కే కాదు. అసలు ఖర్చు ఫోనుకు అవతల, మనకు కనబడని సర్వర్ల గదుల్లో ఉంది. తెలంగాణ 2016లోనే డేటా సెంటర్ల విధానం ప్రకటించింది. భూమి, కరెంటు, సుంకాలు అన్నిటా వెసులుబాట్లు. కంపెనీలు వచ్చాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదు రీజియన్ మొదలుపెట్టింది. చందన్‌వెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మాసిటీల్లో కేంద్రాలు, 2030 నాటికి 36,300 కోట్ల పెట్టుబడి అని 2023 జనవరిలో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో 15 వేల కోట్లకు పైగా అంది. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టినా, శ్రీశైలం రోడ్డు పట్టినా ఈ కొత్త లోకం ఎంతో దూరం కాదు. కిటికీలు లేని పొడవాటి భవనాలు, చుట్టూ గోడ. లోపల సర్వర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే అందుకోవడానికి డీజిల్ జనరేటర్లు. రాత్రీ పగలూ తేడా లేదు, ఆదివారం లేదు.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో 415 బిలియన్ యూనిట్లు, అంటే మన భాషలో 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. ప్రపంచపు మొత్తం కరెంటులో అది ఒకటిన్నర శాతం. 2030కల్లా రెట్టింపు దాటి 945 బిలియన్ యూనిట్లు అవుతుందట. ఒకటిన్నర శాతం పెద్దది కాదు, భయపడనక్కర్లేదు. కానీ అది ప్రపంచమంతా సమానంగా పరుచుకోదు. పిలిచినవాళ్ల ఊళ్లో కుప్ప పడుతుంది.

విశాఖపట్నం సంగతే చూడండి. 2025 అక్టోబరు 14న గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి అన్నారు. ఒక గిగావాట్ పూర్తిగా నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ మొత్తం రోజు వాడకం అటూ ఇటూగా 20 కోట్ల యూనిట్లకు పైన, అందులో పదో వంతు ఒక్క చిరునామాకు. ఆ కరెంటంతా దేశపు సగటు గ్రిడ్ నుంచే వచ్చిందనుకుంటే రోజుకు 17 వేల టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్. మన పాత కొలతలో చెప్పాలంటే స్కూటరు మీద ఎనభై ఏడు లక్షల కొంగరకలాన్ ప్రయాణాలు, ప్రతిరోజూ. అలా జరగదని, పచ్చని కరెంటు వాడతామని చెబుతున్నారు. నిజం కావచ్చు. రాయలసీమలో ఎండకు, గాలికి కొదవ లేదు. కర్నూలు దగ్గర పిన్నాపురంలో పగటి ఎండను నీళ్ల రూపంలో రాత్రికి దాచిపెట్టే ప్రాజెక్టు కూడా ఉంది. పనులు సవ్యంగా జరిగితే ఈ కేంద్రాల గిరాకీ వల్లే సౌర విద్యుత్తు త్వరగా పెరగవచ్చు కూడా. కానీ అర్ధరాత్రి రెండింటికి ఏ కరెంటు వాడారో చూపించే లెక్క బయట పెట్టనంత వరకు పచ్చదనం ఒక రంగు మాత్రమే.

ఇక్కడ నాకొక విచిత్రం కనబడుతుంది. మూసారాంబాగ్‌లో మీసేవ పెట్టి నా ప్రయాణం తగ్గించిన ప్రభుత్వాలే, అదే ఉత్సాహంతో ఊరి చివర సర్వర్ల గోదాములకు రాయితీలిచ్చాయి. రెండింటినీ ఒకే పేరుతో, డిజిటల్ అనే పేరుతో, ఒకే వేదిక మీద చెబుతాయి. మొదటిదాని పొదుపు కిలోల్లో, రెండోదాని ఖర్చు టన్నుల్లో. విశాఖలో రేపు నడవబోయే ఆ గిగావాట్‌లో నా ఆదాయ ధ్రువపత్రం వాటా ఆవగింజంత కూడా ఉండదు. ఎక్కువ భాగం ఎవరి వీడియోలో, ఎవరి ప్రకటనలో, ఎవరో యంత్రాన్ని అడిగిన ప్రశ్నలో. కాబట్టి మీసేవను చూపించి డేటా సెంటర్‌ను సమర్థించకూడదు, డేటా సెంటర్‌ను చూపించి మీసేవను తిట్టకూడదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడమే మన చర్చల్లోని పెద్ద లోపం.

డిజిటల్ ఊతం పొగను తగ్గిస్తుందా అన్న ప్రశ్న మీద చైనా ఆర్థికవేత్తలు కుప్పలుగా పరిశోధనలు చేశారు. అక్కడి ప్రభుత్వం 2013లో 'బ్రాడ్‌బ్యాండ్ చైనా' ప్రకటించి, మరుసటి ఏడు నుంచి విడతలుగా కొన్ని నగరాలను ఎంపిక చేసి ఊతమిచ్చింది. ఎంపికైన ఊళ్లకూ కానివాటికీ తేడా కొలవడం వాళ్లకు సులువైంది. ఉద్గారాలు తగ్గాయని కొందరు తేల్చారు. ముందు పెరిగి, తర్వాత తగ్గుతాయని మరికొందరు. కేబుళ్లు వేయడానికి, పరికరాలు చేయడానికి ముందు ఖర్చవుతుంది, ఫలితం తర్వాత వస్తుంది. ఫోను విషయంలోనూ అంతే, దాని జీవితకాలపు ఉద్గారాల్లో అత్యధిక భాగం మన చేతికి రాకముందే, ఫ్యాక్టరీలోనే అయిపోతాయి. ఇక్కడ హైదరాబాదులో ఇంకో ప్రయోగం జరిగింది. గూగుల్ గ్రీన్ లైట్ పేరుతో సిగ్నళ్ల సమయాలను సరిదిద్దే పనికి ఎంచుకున్న ప్రపంచ నగరాల్లో మనదీ ఒకటి. కూడలి దగ్గర ఉద్గారాలు పది శాతం దాకా తగ్గవచ్చని ఆ సంస్థ తనే చెప్పుకుంది. తగ్గితే సంతోషం.

అయితే మా మూసారాంబాగ్ వాళ్లకు ఉద్గారాలంటే మొదట గుర్తొచ్చేది సిగ్నలూ కాదు, సర్వరూ కాదు, మూసీ మీది వంతెన. అంబర్‌పేట అలీ కేఫ్ వైపు పోయే ఆ లోలెవెల్ వంతెన, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తిన ప్రతిసారీ మునిగేది. 2020 అక్టోబరులో మునిగింది. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చిన రాత్రి కూడా మునిగింది. పోలీసులు బారికేడ్లు పెట్టగానే బండ్లన్నీ చాదర్‌ఘాట్ వైపో, గోల్నాక వైపో చుట్టు తిరగాల్సి వచ్చేది. గంటల తరబడి ఇంజన్లు ఆన్‌లోనే ఉండేవి. నది అవతలి ఒడ్డు కంటికి కనబడుతూనే ఉండేది, బండి మాత్రం ఊరంతా తిరిగి చేరేది. వంతెన మూసేసిన సంగతి ఫోన్లోని మ్యాపు ఎర్రగీతతో ఎంత చక్కగా చూపించేదో! పక్కన కట్టే ఎత్తయిన వంతెనకు యాప్ అక్కర్లేదు, స్తంభాలు కావాలి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక మా స్టేషన్ మెట్లెక్కిన జనం మానేసిన పెట్రోలు ముందు, ఫోన్లోకి వచ్చిన సర్టిఫికెట్లు మిగిల్చిన పెట్రోలు ఏ మూలకూ రాదని నా అభిప్రాయం. డిజిటల్ ఊతం మంచిదే, కానీ కాంక్రీటు చేయవలసిన పనిని కంప్యూటరు చేయదు.

నా తీర్పు ఇది. ప్రభుత్వాలు కొత్తది మొదలుపెట్టడానికి డబ్బిస్తున్నాయి, పాతది ఆపడానికి ఉత్తర్వు ఇవ్వడం లేదు. పొగ తగ్గేది రెండోదానితో. యూపీఐ ఎందుకు పనిచేసింది, ఈపాస్ ఎందుకు తిప్పుతోంది అంటే ఇదొక్కటే జవాబు. తన సర్వర్లో ఉన్న పత్రానికి జిరాక్సు అడగకూడదని, ఫైల్లో కాగితం లేనందుకు ఆడిట్‌లో ఏ గుమస్తానూ తప్పుపట్టకూడదని ఒక్క జీవో వస్తే దానికయ్యే ఖర్చు సున్నా. రాయితీ తీసుకున్న ప్రతి డేటా సెంటరూ ఏటా ఎన్ని యూనిట్లు వాడిందీ, అందులో బొగ్గుది ఎంతో ప్రకటించాలన్న షరతుకూ ఖర్చు లేదు. రాయితీ మన డబ్బు గనుక లెక్క అడిగే హక్కు కూడా మనదే.

అడగడానికి దారి ఉంది. ఏ నిబంధన ప్రకారం జిరాక్సు తీసుకుంటున్నారని ఆ కార్యాలయాన్ని, డేటా సెంటర్లన్నిటికీ కలిపి ఏడాదికి ఎన్ని యూనిట్లు సరఫరా చేశారని విద్యుత్ పంపిణీ సంస్థను, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీరైనా నేనైనా అడగవచ్చు. రుసుము పది రూపాయలు. జవాబివ్వడానికి వాళ్లకున్న గడువు ముప్పై రోజులు.